గ్రహణం మర్నాడు

పాతికేళ్ళుగా నేను చెప్పుకుంటూ వస్తున్న ఒక గొప్ప ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మొదలుపెట్టా. "మీదే ఊరు?" అని ఎవరడిగినా బెజవాడ అని చెప్పి ఊరుకోకుండా, "హీలియం కనుక్కున్నది మా దగ్గరే, తెలుసా? గుంటూర్లో, 1868లో" అని తగిలించేవాణ్ణి. గుంటూరు మా ఊరికి 35 కిలోమీటర్లే కాబట్టి ఆ మాత్రం చొరవ తీసుకోవచ్చు లెండి. క్లయింట్ల దగ్గర చెప్పా, టీములో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పా, మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టులో దగ్గరుండి రాయించా కూడా. మిరపకాయలూ గోంగూరా కాకుండా ఇంకో గొప్ప దొరికితే వదులుకుంటామా!

ఆ గొప్పని గౌరీబిదనూరులో ఒక కుర్రాడు చాలా మర్యాదగా సరిచేశాడు. ఆ కథే ఇది.

గౌరీబిదనూరు బెంగుళూరుకి ఉత్తరాన దాదాపు వంద కిలోమీటర్లు. కర్ణాటకే గానీ, హిందూపురం పక్కనే కాబట్టి టీ కొట్లో కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. అక్కడొక రేడియో అబ్జర్వేటరీ ఉంది. బెంగుళూరులో చాలా ఏళ్ళుగా ఉంటూ నంది కొండకి పది సార్లు వెళ్ళిన నేను, అంతకన్నా కొంచెం ముందుకి పోతే ఇది ఉందని తెలుసుకోలేదు. ఒక స్నేహితుడు ముందుగా అనుమతి తీసుకుంటే, ఓ శనివారం నలుగురం కలిసి వెళ్ళాం.

టెలిస్కోపు అంటే నా మనసులో పెద్ద గుమ్మటమో, ఇంగ్లీషు సినిమాల్లో చూపించే తెల్లటి పళ్ళెమో ఉంది. అక్కడ అవేం లేవు. పొలాల మధ్య కంచె వేసిన ఒక పెద్ద మైదానం. అందులో వరసగా నాటిన గుంజలూ, వాటి మధ్య తీగలూ. గాలివానకి అరటిచెట్లు పడిపోకుండా మా వైపు పోట్లు పెడతారే, దూరం నుంచి చూస్తే అలా ఉంది. 1970ల్లో, ప్రధానంగా సిహెచ్. వి. శాస్త్రి గారి నాయకత్వంలో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఇక్కడ టి ఆకారంలో ఒక యాంటెన్నా కట్టారు. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణానికి దాదాపు అర కిలోమీటరు. మొత్తం 1000 డైపోల్స్. అది వినేది 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే తరంగం పొడవు దాదాపు 9 మీటర్లు. అంత పొడుగు తరంగాలకి నున్నటి పళ్ళెం అక్కర్లేదు, తీగలు చాలు.

దాని తర్వాత వచ్చింది రేడియోహీలియోగ్రాఫ్. 1997 నుంచి పనిచేస్తోంది. వీటి యాంటెన్నాలు చూస్తే నవ్వొచ్చింది. దూరదర్శన్ రోజుల్లో మా డాబా మీద ఉన్నదానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. కాకి వాలితే బొమ్మ పోయేది చూడండి, అదే జాతి. ఇవి చూసేది మాత్రం చిత్రలహరి కాదు, సూర్యుడి కరోనా.

ఇక్కడ కొంచెం ఆగి ఒక విషయం చెప్పాలి. మన కంటికి కనిపించే సూర్యబింబం ఉపరితలం సుమారు 6000 డిగ్రీలు. దాని చుట్టూ పల్చటి వాయువు పొర ఒకటి, లక్షల కిలోమీటర్ల దూరం పరుచుకుని ఉంటుంది. అదే కరోనా. దాని వేడి పది లక్షల డిగ్రీల పైమాటే. అయినా వెలుగు మాత్రం బింబం వెలుగులో పది లక్షల వంతు. అందుకే మామూలు రోజుల్లో కనపడదు. చంద్రుడు వచ్చి బింబాన్ని సరిగ్గా మూసేసినప్పుడే, అంటే సంపూర్ణ సూర్యగ్రహణంలోనే, ఆ కొద్ది నిమిషాలే కంటికి కనిపిస్తుంది. కానీ మీటర్ల పొడవుండే రేడియో తరంగాల సంగతి వేరు. ఆ తరంగాల్లో బింబం నుంచి మన దాకా నేరుగా వచ్చేది ఏమీ ఉండదు. వచ్చేదంతా కరోనా నుంచే. అంటే ఈ యాంటెన్నాలకి సూర్యుడంటే కరోనాయే.

మాకు చూపిస్తున్న కుర్రాడు హిందూపురం వైపు వాడు. ఇదంతా చెప్పి, "మాకు రోజూ గ్రహణమే సార్" అన్నాడు.

నాకు అవకాశం దొరికింది. గ్రహణం అన్నాడుగా, నా గొప్ప బయటికి తీశాను. గుంటూరు, 1868, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, పసుపు గీత, హీలియం. మొత్తం ఏకరువు పెట్టా. అతను ఓపిగ్గా విన్నాడు. విని, "జాన్సెన్ రాసిన ఉత్తరం చదివినారా సార్?" అని అడిగాడు. లేదన్నాను. "అందులో హీలియం లేదు సార్. అంతకన్నా పెద్దది ఉంది. గుంటూరు వాళ్ళు దాన్ని వదిలేసి దీన్ని పట్టుకున్నారెందుకో" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో నేను పెద్దగా మాట్లాడలేదు. ఆ వారం రాత్రుళ్ళు కూర్చుని చదివాను. అతను చెప్పిందే నిజం.

సరే, 1868కి వెళ్దాం.

అప్పటికి బెజవాడలో రైలు లేదు, రైలు వంతెనా లేదు. ఆనకట్ట మాత్రం ఉంది. 1852లో మొదలై 1855కి పూర్తయింది. కాలవలు తవ్వి డెల్టాకి నీళ్ళు ఇవ్వడం మొదలై ఇంకా పదిహేనేళ్ళు నిండలేదు. గుంటూరు అప్పుడు విడి జిల్లా కాదు. 1859లో మచిలీపట్నంతో కలిపేసి కృష్ణా జిల్లా చేశారు. మళ్ళీ విడిపోయింది 1904లో. కాబట్టి 1868 నాటికి గుంటూరూ బందరూ రెండూ కృష్ణా జిల్లాయే. అంటే నా చొరవ మరీ అన్యాయం కాదన్నమాట! బందరు అప్పటికి దెబ్బతిన్న ఊరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మంది పోయారు. గ్రహణానికి ఇంకా నాలుగేళ్ళుంది.

ఆ ఏడాది ఆగస్టు 18 మంగళవారం. మన లెక్కలో విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య. పోలాల అమావాస్య అంటామే, అదే. చంద్రుడి నీడ ఏడెన్ వైపు నుంచి అరేబియా సముద్రం దాటి, మన పడమటి తీరం ఎక్కి, దక్కను మీదుగా వచ్చి, గుంటూరు, బందరు మీదుగా బంగాళాఖాతంలోకి దిగి, సయాం దాకా పోయింది. ఇప్పటి థాయిలాండ్. అక్కడి రాజు మోంగ్‌కుట్ స్వయంగా గ్రహణం లెక్కలు కట్టి, విదేశీ అతిథుల్ని పిలిచి చూపించి, అక్కడ తగులుకున్న మలేరియాతో అక్టోబరు 1న చనిపోయాడు.

ఈ గ్రహణం మీద అంత హడావిడి ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, సంపూర్ణ గ్రహణం చాలాసేపు ఉంటుంది. గుంటూరులో ఐదు నిమిషాల పైనే. రెండోది అసలు కారణం. 1859-60ల్లో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు, ఏ మూలకాన్ని మండిస్తే దాని వెలుగులో దానికే ప్రత్యేకమైన రంగు గీతలు వస్తాయని తేల్చారు. మూలకానికి వేలిముద్ర అన్నమాట. ఆ గీతల్ని విడదీసి చూపించేదే స్పెక్ట్రోస్కోపు. అది చేతికొచ్చాక వచ్చిన మొదటి పెద్ద గ్రహణం ఇదే. గ్రహణంలో సూర్యుడి అంచున ఎర్రటి నాలుకలు కనిపిస్తాయి. అవి చంద్రుడివి కావు, సూర్యుడివేనని 1860లో స్పెయిన్‌లో తీసిన ఫొటోలు తేల్చాయి. మరి అవి దేంతో తయారయ్యాయి? ఇదీ ప్రశ్న.

జవాబు కోసం మన దేశానికి వచ్చినవాళ్ళు, ఉన్నవాళ్ళు తలో చోట కాచుక్కూర్చున్నారు. జమఖండిలో జాన్ హెర్షెల్. యురేనస్‌ని కనిపెట్టిన హెర్షెల్‌కి మనవడు. గుంటూరులో మేజర్ టెనంట్ దళం. గుంటూరులోనే ఫ్రెంచివాళ్ళ తరఫున జాన్సెన్. బందరులో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్. నిజాం రాజ్యంలో ఉన్న వనపర్తిలో అదే అబ్జర్వేటరీకి చెందిన చింతామణి రఘునాథాచారి. పంచాంగాలు కట్టే కుటుంబం నుంచి వచ్చి, 1867లో ఒక కొత్త చరతారని కనిపెట్టినవాడు. ఈ ఐదు బృందాల్లో నాలుగు మన తెలుగునేల మీదే ఉన్నాయి చూడండి.

జాన్సెన్ గురించి రెండు మాటలు. 1824లో పుట్టాడు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంతో కాలు కుంటి. బ్యాంకులో గుమాస్తాగా పనిచేస్తూ చదువుకున్నాడు. తర్వాత్తర్వాత 1870లో జర్మన్ సైన్యం పారిస్‌ని ముట్టడించి ఉంటే, గ్రహణం చూడ్డానికి బెలూన్ ఎక్కి శత్రువుల తలల మీదుగా తప్పించుకుపోయిన మొండిమనిషి. తీరా చేసి అల్జీరియా చేరితే మబ్బులు పట్టాయి. మన దగ్గరికి వచ్చినప్పుడు బందరు తీరంలో సముద్రపు మంచు అడ్డొస్తుందని, లోపలికి జరిగి గుంటూరు ఎంచుకున్నాడు. ఊళ్ళో ఎత్తైన చోట ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ ఉంటే దాని మీద పరికరాలు పెట్టుకున్నాడు. కోస్తాలో ఫ్రెంచి వర్తకుడు ఎక్కణ్ణుంచి వచ్చాడంటారా? బందరులో పరాసుపేట ఇప్పటికీ ఉంది కదా, పరాసులంటే ఫ్రెంచివాళ్ళే.

ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో చీకటి పడింది. ఆ పూట ఊళ్ళల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు. 1980 ఫిబ్రవరి 16 గ్రహణం నాకు గుర్తుంది. మాకు బెజవాడలో సంపూర్ణం కూడా కాదు, పాక్షికమే. అయినా తలుపులూ కిటికీలూ బిడాయించి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, కడుపుతో ఉన్న మా పిన్నిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టారు. నేను కిటికీ సందులోంచి చూడబోతే మా నాయనమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. 1868లో ఇంతకన్నా తక్కువ ఉండదు కదా.

మేడ మీద జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుని ఆ ఎర్రటి నాలుకల మీదికి తిప్పాడు. ఇంద్రధనుస్సులా అవిచ్ఛిన్నమైన పట్టీ కాదు, విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి మండుతున్న వాయువు. గీతల్లో ముఖ్యమైనవి ఎరుపొకటి, నీలం ఆకుపచ్చ కలిసినదొకటి. రెండూ హైడ్రోజన్‌వి. ప్రశ్నకి జవాబు దొరికింది. ఇంతవరకూ టెనంట్‌కీ, హెర్షెల్‌కీ, పాగ్సన్‌కీ కూడా ఇంచుమించు ఇదే కనిపించింది. పసుపు రంగు వైపు గీత ఒకటి ఉందని కూడా వాళ్ళు చూశారు. అది సోడియం గీత అనుకోవడం సహజం. వీధిదీపాల పసుపు వెలుగు గుర్తుందా, ఆ రంగులోనే ఉంటుంది.

మరి జాన్సెన్ గొప్పేమిటి? ఆ గీతలు ఎంత మెరుస్తున్నాయో చూసి అతనికి ఒక ఆలోచన వచ్చింది: ఇంత మెరిసేవి చంద్రుడు అడ్డం లేకపోయినా కనపడాలి కదా! అందరూ గ్రహణం అయిపోయిందని సామాను సర్దుకునే వేళకి, ఇతను గ్రహణం లేకుండా ఎలా చూడాలా అని ఆలోచిస్తున్నాడు. ఆ రోజు తర్వాత మబ్బేసింది. మర్నాడు, ఆగస్టు 19న, పొద్దున్నే లేచి, స్పెక్ట్రోస్కోపు సందుని సూర్యుడి అంచు మీద పెట్టాడు. కనిపించాయి. మామూలు పగటి వెలుగులో, గ్రహణం లేకుండా, సూర్యుడి నాలుకల్ని మనిషి చూడటం అదే మొదలు. అది జరిగింది గుంటూరు మేడ మీద.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్తా, మన వాళ్ళకి ఇష్టమైన విషయమే. నాలుకల్ని కనపడకుండా చేసేది ఆకాశంలో చెదిరిన సూర్యుడి వెలుగు. అదీ నాయిజు. ఆ వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. పట్టకంతో దాన్ని వెడల్పుగా పరిస్తే పల్చబడిపోతుంది. నాలుక వెలుగు మాత్రం రెండు మూడు రంగుల్లోనే ఉంది కాబట్టి ఎంత పరిచినా పల్చబడదు. బిందెడు నీళ్ళు అరుగు మీద పోస్తే పల్చగా పరుచుకుంటాయి, అందులో ఉన్న గులకరాయి మాత్రం గులకరాయిలాగే ఉంటుంది చూడండి, అలాగ. నాయిజుని తగ్గించలేనప్పుడు దాన్ని పల్చగా పరిచెయ్యి, సిగ్నల్ దానంతటదే తేలుతుంది. సిగ్నల్ ప్రాసెసింగ్ చదివినవాళ్ళెవరికైనా ఈ మాట కొత్త కాదు.

ఇక జాన్సెన్ ఆగలేదు. సందుని కొద్దికొద్దిగా జరుపుతూ నాలుకల ఆకారాలు గీసుకున్నాడు. అవి గంటల్లో మారిపోతుండటం చూశాడు. 17 రోజులు అదే పని. ఆ 17 రోజులూ తనకి ఆగకుండా సాగిన గ్రహణం లాంటివని తర్వాత చెప్పుకున్నాడు. మా గౌరీబిదనూరు కుర్రాడి మాట గుర్తొచ్చిందా?

తర్వాత అతను కాకినాడ చేరి, సెప్టెంబరు 19న పారిస్ అకాడమీకి వివరంగా ఉత్తరం రాశాడు. గ్రహణం అయి అప్పటికి నెల దాటింది. సూయజ్ కాలవ ఇంకా తెరవలేదు, ఉత్తరం చేరడానికి ఇంకో నెల. ఈలోగా ఇంగ్లండులో లాక్యర్ అనే అతను ఇండియా మొహం చూడకుండానే అదే పని చేశాడు. ఇతనికి పగలు యుద్ధ శాఖలో గుమాస్తా ఉద్యోగం, మిగతా సమయంలో నక్షత్రాలు. ఆలోచన రెండేళ్ళ ముందే వచ్చిందట గానీ, పురమాయించిన పరికరం చేతికి రావడం ఆలస్యమైంది. వచ్చిన నాలుగు రోజులకే, అక్టోబరు 20న, నాలుకల గీతలు చూసేశాడు. వెంటనే రాశాడు. రెండు ఉత్తరాలూ అక్టోబరు 26న ఒకే రోజు అకాడమీ సమావేశంలో చదివారు. మన భాషలో రేస్ కండిషన్. అకాడమీ వాళ్ళు కొట్లాట పెట్టకుండా ఇద్దరికీ సమానంగా గౌరవం ఇచ్చారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి మొహాలూ ఒకే వైపు ముద్రించి పతకం వేసింది.

మరి హీలియం? జాన్సెన్ కాకినాడ ఉత్తరంలో కొత్త మూలకం ఊసు లేదు. పసుపు గీతని పట్టుకుని వేలాడింది లాక్యర్. అది సోడియం జంట గీతలు ఉండాల్సిన 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర లేదు, కొంచెం పక్కన 587.5 దగ్గర ఉంది. ఫ్రాంక్లండ్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ప్రయోగశాలలో హైడ్రోజన్‌ని ఎన్ని రకాలుగా వేడిచేసినా ఆ గీత రాలేదు. అలా ఒక కొత్త మూలకం అనుమానం పుట్టింది. 1871 నాటికి హీలియం అన్న పేరు వినపడసాగింది. చాలామంది నమ్మలేదు. భూమ్మీద అది దొరికింది 1895లో. రామ్సే అనే ఆయన యురేనియం ఖనిజం ఒకదాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువుని చూస్తే అదే పసుపు గీత.

నమ్మనివాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. 1869 గ్రహణంలో కరోనాలో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. అదీ ఏ మూలకానికీ సరిపోలేదు. సరే, ఇదీ కొత్త మూలకమే అని కరోనియం అని పేరుపెట్టారు. డెబ్భై ఏళ్ళు వెతికారు. చివరికి 1940 ప్రాంతాల్లో తేలిందేమిటంటే, అది మామూలు ఇనుము. పది లక్షల డిగ్రీల వేడికి 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. ఒకే తర్కం ఒకసారి గెలిచింది, ఒకసారి బోల్తా పడింది. గీతని చూడటం వేరు, మూలకాన్ని కనుక్కోవడం వేరు. "ఆగస్టు 18న గుంటూరులో హీలియం కనుక్కున్నారు" అన్న నా వాక్యం ఈ 27 ఏళ్ళ పనినీ ఐదు నిమిషాల్లోకి కుదించేస్తుంది.

ఇప్పుడు నా గొప్పలో నేనెప్పుడూ చెప్పని బందరు దగ్గరికి వద్దాం. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పాగ్సన్ చిన్నవాడేం కాదు. నక్షత్రాల కాంతికి ఇవాళ్టికీ వాడే కొలమానం (ఒక్కో మెట్టుకి 2.512 రెట్లు) ఆయన 1856లో ప్రతిపాదించిందే. మద్రాసులో 1861 నుంచి చనిపోయే దాకా, 1891 వరకు, ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. బందరులో ఆయన పసుపు గీతని చూసి, అది సోడియం చోటే ఉందా, పక్కన ఉందా అన్న అనుమానాన్ని రాసి పెట్టుకున్నాడు. కానీ ఆయన నివేదిక మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన కాగితాల్లో ఉండిపోయింది. యూరపులో నలుగురూ చదివే పత్రికల్లోకి పోలేదు. రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన బిమన్ నాథ్ 2013లో హీలియం చరిత్ర మీద పుస్తకం రాసి దీన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. అంటే హీలియం మొదటి అనుమానానికి కృష్ణా జిల్లాలో చోటు వెతకాలంటే, గుంటూరు కన్నా బందరే దగ్గర.

ఇది చదివినప్పుడు నాకు సొంత గొడవ ఒకటి గుర్తొచ్చింది. ఒకప్పుడు పనిచేసిన చోట, ఒక రాత్రి ప్రొడక్షన్‌లో ఒక విచిత్రమైన తేడా చూశా. టైమ్‌స్టాంపులు ఒక సెకను అటూ ఇటూ. ఏదో లెమ్మని నా నోటుబుక్కులో రాసుకున్నా, టికెట్ వెయ్యలేదు. మూడు నెలల తర్వాత వేరే టీము అదే తేడాని పట్టుకుని, కారణం తవ్వి తీసి, పెద్ద పేరు తెచ్చుకుంది. "నేను ముందే చూశా" అని నోటుబుక్కు చూపిస్తే మా మేనేజరు నవ్వి, "మరి చెప్పలేదేం?" అన్నాడు. సమాధానం లేదు. పాగ్సన్ అయితే రాశాడు, అచ్చుకీ ఇచ్చాడు, కాకపోతే చదివేవాళ్ళ చేతికి చేరలేదు. నేను అంత కూడా చెయ్యలేదు. చూడటం సగం పని, చేరాల్సిన చోటికి చేర్చడం మిగతా సగం.

అయితే పాగ్సన్ కథ అక్కడితో ఆగలేదు. 1876-78 మధ్య దక్షిణాదిని ధాత కరువు ఊడ్చేసింది. సూర్యుడిలో మార్పులకీ మన వానలకీ సంబంధం ఉందేమో చూడాలన్న వాదన గట్టిపడింది. కొండ మీద సూర్యుడి కోసం ఒక అబ్జర్వేటరీ కావాలన్నవాళ్ళలో పాగ్సన్ ఒకడు. ఆయన పోయాక 1899లో మద్రాసు నుంచి పని కొడైకెనాల్‌కి మారింది. అక్కడ జాన్సెన్ పద్ధతికి వారసుడైన స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ పెట్టి, వందేళ్ళకి పైగా సూర్యుడి ఫొటోలు తీస్తూ వచ్చారు. ఆ కొడైకెనాల్ అబ్జర్వేటరీయే 1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అయింది. గౌరీబిదనూరు మైదానంలో నేను చూసిన గుంజలూ తీగలూ నాటిన సంస్థల్లో ఒకటి అదే.

అర్థమైందా? 1868లో బందరు ఇసకలో గుడారం వేసిన కొలువుకి మనవడు, నన్ను సరిచేసిన ఆ కుర్రాడు పనిచేస్తున్న చోటు. నేను మా ఊరి గొప్ప పట్టుకెళ్ళి ఆ ఇంటివాళ్ళకే తప్పుగా చెప్పి వచ్చానన్నమాట!

ఇంకొకటి. జాన్సెన్ పద్ధతికి నాలుకలు దొరికాయి గానీ కరోనా దొరకలేదు. గ్రహణం లేకుండా కరోనాని చూడటం 1930ల్లో లియో అనే ఇంకో ఫ్రెంచాయన సాధించాడు. దూరదర్శినిలోనే ఒక చిన్న బిళ్ళ పెట్టి బింబాన్ని మూసేశాడు. 1940ల్లో రేడియో వచ్చి ఆ బిళ్ళ కూడా అక్కర్లేదంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్1 వెళ్ళింది కదా. అందులో ముఖ్యమైన పరికరం సూర్యబింబాన్ని అడ్డంపెట్టి కరోనాని చూస్తుంది. అది కట్టింది కూడా ఈ సంస్థే. చూసే గీతల్లో ఒకటి ఆ ఆకుపచ్చ గీతే, ఒకప్పటి కరోనియం. చంద్రుడి నీడ 155 ఏళ్ళ కిందట ఏ కోస్తా మీదుగా సముద్రంలోకి దిగిందో, ఆ కోస్తా నుంచే కృత్రిమ గ్రహణం ఒకటి ఆకాశానికి ఎక్కింది.

హీలియం మాటకొస్తే, దాన్ని మనం రోజూ వాడుతూనే ఉన్నాం. బెజవాడ సూర్యారావుపేటలో ఎమ్మారై తీయించుకుంటే, ఆ యంత్రం అయస్కాంతాన్ని చల్లబరిచేది ద్రవ హీలియమే. 2013 నుంచి డేటాసెంటర్ల కోసం హీలియం నింపిన హార్డ్ డిస్కులు వస్తున్నాయి. మనం క్లౌడ్ అని గాల్లోకి చెయ్యి చూపిస్తాం గానీ, అందులో కొంత నిజంగా హీలియంలో తిరుగుతున్నదే.

ఆమధ్య ఊరెళ్ళినప్పుడు గుంటూరు వెళ్ళాను. పాత గుంటూరు వీధుల్లో కాసేపు తిరిగాను. ఏ మేడో నేనేం వెతకలేదు. పొద్దున తొమ్మిదింటికి ఓ టిఫిన్ కొట్టు ముందు నిలబడి, ఎదురుగా ఎండలో కళ్ళు చికిలించి చూశా. మామూలు రోజు, మామూలు ఎండ, ఎవరి తొందర వాళ్ళది. 1868 ఆగస్టు 19 ఉదయం కూడా అలాగే ఉండి ఉంటుంది. ముందురోజు స్నానాలూ దానాలూ అయిపోయి, జనం మళ్ళీ పొలాలకి పోయి ఉంటారు. ఆకాశంలో వింతేమీ లేదు. సరిగ్గా ఆ వింత లేని రోజునే కదా అసలు పని జరిగింది.

అందుకని ఇప్పుడు నా గొప్ప మార్చుకున్నా. మా అమ్మాయికి ఫోను చేసి, నీ పాత ప్రాజెక్టులో మీ నాన్న తప్పు రాయించాడమ్మా అని చెప్పా. "ఇప్పుడా నాన్నా చెప్పేది!" అంది. ఇప్పుడు మీదే ఊరని ఎవరడిగినా ఇలా చెప్తున్నా: "బెజవాడండి. సూర్యుణ్ణి చూడ్డానికి గ్రహణం దాకా ఆగక్కర్లేదని తెలిసింది మా దగ్గరే. గుంటూర్లో, 1868 ఆగస్టు 19న. గ్రహణం మర్నాడు."

హీలియం అంత గమ్మత్తుగా వినిపించదు, నిజమే. రెండు నిమిషాలు కూర్చోబెట్టి వివరించాల్సి వస్తోంది. కానీ ఇది నిజం, అంతకన్నా పెద్దది కూడా.